కట్టుటకు ముందు అడుగుట

1820వ సంవత్సరమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను ఉద్యోగమునకై కడపకు వచ్చెను. ఆనాటికి తెలుగు కావ్యములు తాటాకులపై నుండెను. అచ్చులోనికి వచ్చినవి మిక్కిలి స్వల్పము. ఒక్కొక్క గ్రంథమునకు పలు ప్రతులు దొరికెడివి గాని, ఏ రెండును ఒక్క తీరుగ నుండెడివి కావు. లేఖకుని చెవిని బట్టి, చదువును బట్టి, అతడు పుట్టిన సీమను బట్టి అక్షరములు మారిపోయెను. బ్రౌను పండితులకు జీతములిచ్చి కూర్చుండబెట్టి, ప్రతులను తెప్పించి, ప్రక్కప్రక్కన నుంచి చదివించి, పాఠాంతరములను గుర్తింపజేసి, శుద్ధప్రతులను వ్రాయించెను. 1829లో ఆయన ప్రకటించిన వేమన పద్యముల సంపుటము ఈ శ్రమకు తొలి ఫలములలో నొకటి.

ఈ ప్రసంగము బ్రౌనును గూర్చినది కాదు. కంప్యూటరు ప్రోగ్రాములను నిర్మించునపుడు వాడెడి ఒక సాధనమును గూర్చి, దాని పుట్టుపూర్వోత్తరములను గూర్చి చెప్పదలచితిమి. అయినను పాఠాంతరముల మాట ముందు చెప్పుట అవసరమయ్యెను. ఏలయన, ఆ సాధనము పుట్టినది కూడ పాఠాంతరముల బాధవలననే.

ప్రోగ్రాము అనగా నేమో రెండు మాటలలో చెప్పుకొందము. మనుష్యుడు తనకు తెలియు భాషలో యంత్రమునకు ఆజ్ఞలు వ్రాయును. దానిని మూలపాఠ మనవచ్చును. యంత్రమునకు ఆ పాఠము అర్థము కాదు. కంపైలర్ అను అనువాదకుడు దానిని యంత్రభాషలోనికి మార్చవలెను. పెద్ద ప్రోగ్రాములో ఇట్టి మూలపత్రములు వందలు, వేలు ఉండును. అన్నింటిని మార్చి, కూర్చి, ఒక్కటిగా నిలబెట్టుటకే నిర్మాణమని పేరు. అయితే ఏ యంత్రముపై నిలబెట్టవలెను? పాత వాల్వు రేడియో ఇంటనున్న పెద్దలకు ఈ ప్రశ్న వెంటనే తెలియును. ఆ పెట్టె వెనుక విద్యుత్తు వోల్టేజిని ఎంచుకొను చిన్న మీట యుండెడిది. ఊరి కరెంటు ఎంతో తెలిసికొనక ముందే స్విచ్చి వేసినచో వాల్వులు మాడిపోయెడివి. పెట్టె ఒక్కటే, ఊరు వేరు. ఊరిని బట్టి పెట్టెను అమర్చుకొనుటయే నేటి కంప్యూటరు పరిభాషలో కాన్ఫిగర్ చేయుట.

మొదటి సాధనము ఇంకను సరళమైన చిక్కు నుండి పుట్టినది. 1976లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో స్టూఅర్ట్ ఫెల్డ్‌మన్ అను శాస్త్రజ్ఞుడు పనిచేయుచుండెను. ఆయన సహచరుడు స్టీవ్ జాన్సన్ ఒకనాటి ఉదయమంతయు తన ప్రోగ్రాములోని తప్పును వెదకుచు వృథా చేసికొనెను. తీరా చూడగా తప్పు ఏనాడో దిద్దబడినది; దిద్దిన పత్రమును మరల యంత్రభాషలోనికి మార్చుటయే మరచిరి! ఈ మతిమరపునకు మందుగ ఫెల్డ్‌మన్ రచించినదే మేక్. ఏ పత్రము దేనిపై ఆధారపడియున్నదో ఒక పట్టికలో వ్రాసియుంచినచో, మేక్ కాలమును చూచి, మారిన వానిని మాత్రమే తిరిగి నిర్మించును. కుండలన్నియు మరల కాల్చక, పగిలిన దానిని మాత్రము మార్చినట్లు. ఈ కృషికి 2003లో ఆయనకు ఏ.సి.ఎం. సంస్థవారి సాఫ్ట్‌వేర్ సిస్టమ్ బహుమానము లభించెను.

మేక్ పట్టికలో ఒక విడ్డూరము కలదు. ఆజ్ఞను వ్రాయు ప్రతి పంక్తియు ట్యాబ్ అను మీటతో మొదలు కావలెను. మామూలు ఖాళీలు పెట్టినచో చెల్లదు. కంటికి రెండును ఒక్కటిగనే కనబడును. ఇది అసౌకర్యమని ఫెల్డ్‌మన్‌నకు కొద్ది వారములలోనే తెలిసినదట. కాని అప్పటికే పన్నెండుమంది వరకు మిత్రులు దానిని వాడుచుండిరి. వారికి ఇబ్బంది కలిగింపరాదని ఆయన మార్పు మానుకొనెను. ఆ పన్నెండుమంది మొగమోటము చేత, అర్ధశతాబ్దిగా లక్షలమంది ఆ అదృశ్యమైన ఖాళీతో కుస్తీపట్టుచున్నారు. చరిత్రలో ఇట్టి మొగమోటములకు కొదువ లేదు.

మేక్‌నకు ఏది మారినదో తెలియునే గాని, తానెక్కడ నున్నదో తెలియదు. 1969లో బెల్ ప్రయోగశాలలో పుట్టిన యూనిక్స్ 1973లో సి భాషలో తిరిగి వ్రాయబడిన మీదట పలు యంత్రములకు ప్రాకినది. 1980 తరువాత దాని శాఖలు విస్తరించెను. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమువారిది ఒక శాఖ, మూలసంస్థయగు ఏ.టి.అండ్.టి. వారి సిస్టమ్ ఫైవ్ మరియొక శాఖ, సన్, ఐ.బి.యం., డిజిటల్, హ్యూలెట్ పాకార్డ్ కంపెనీలు తలకొక రూపమున అమ్ముచుండెను. పేరు ఒక్కటే, పాఠము వేరు. ఒకదానియందున్న ఆజ్ఞ మరియొక దానియందు లేదు. ఉన్నను వేరు పేరున నుండును. పేరు అదియే అయినను పని కొంత తేడాగ చేయును. బ్రౌను పండితులు చూచినచో నవ్వుకొనియుందురు.

ఒకచోట ఫలించిన దానిని మరియొకచోటికి ఉన్నదున్నట్లు తెచ్చుటలో నుండు కష్టము మన కర్నూలు కడప వాసులకు క్రొత్త కాదు. కృష్ణా గోదావరి డెల్టాలలో ఆనకట్టలు కట్టి కీర్తి గాంచిన సర్ ఆర్థర్ కాటన్ ప్రోత్సాహముతో, తుంగభద్ర నీటిని మళ్లించుటకు మదరాసు ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1858లో ఏర్పడినది. పెట్టుబడిపై వడ్డీకి ప్రభుత్వము హామీ ఇచ్చెను. సుంకేసుల వద్ద ఆనకట్ట లేచినది. అచ్చటినుండి కడప వరకు సుమారు 300 కిలోమీటర్ల కాలువ త్రవ్వబడినది. పొలములు తడియును, పడవలు నడచును, కంపెనీకి లాభము వచ్చునని లెక్కలు కట్టిరి. అయితే నల్లరేగడి నేలలో వానతేమను నమ్ముకొని జొన్నలు, ప్రత్తి పండించుకొను రైతు, డెల్టా రైతువలె నీటిని ఎగబడి కొనలేదు. 1882లో ప్రభుత్వమే కాలువను కొనివేయవలసి వచ్చెను. నేడు ఆ కె.సి. కాలువ సీమకు జీవగఱ్ఱలలో నొకటియే. దానిని తక్కువ చేసి మాటలాడుట మా ఉద్దేశము కాదు. లెక్క వేసినవారు రేగడిని ముందుగా అడుగలేదనుటయే మా భావము.

అడుగు పద్ధతిని కంప్యూటరు లోకమున మొదట ప్రవేశపెట్టినవారిలో లారీ వాల్ ముఖ్యుడు. 1984లో ఆర్.ఎన్. అను వార్తాపఠన ప్రోగ్రామును ఆయన పంచిపెట్టుచు, దానితోపాటు కాన్ఫిగర్ అను ఒక ప్రశ్నావళిని జోడించెను. అది యంత్రమును కొంత పరీక్షించి, మిగిలిన సంగతులను దానిముందు కూర్చున్న మనుష్యుని అడుగును. ఇందలి లోపము స్పష్టమే. మనుష్యునికి తన యంత్రము సంగతి తెలిసియుండవలెను గదా! జనాభా లెక్కలకు వచ్చినవారు అడిగినపుడు పెద్దవారి వయస్సు చెప్పినట్లు, చాలమంది తోచిన జవాబు చెప్పి ఊరకుండిరి.

1991 వేసవిలో డేవిడ్ మెకెంజీ అను యువకుడు ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ వారి గ్నూ ప్రోగ్రాములను సంరక్షించుచుండెను. కొత్త యంత్రములు చేరుచున్నకొలది, వాడువారు తమంతట తాము ఎంచుకొని వ్రాయవలసిన గుర్తులు ఇరువది వరకు పెరిగెను. ప్రతి కూర్పును పలు యంత్రములపై పరీక్షించుట ఆయనకు భారమయ్యెను. అందుచేత మనుష్యుని అడుగక యంత్రమునే అడుగు చిన్న లిపిని వ్రాసెను. పలువురి సాయముతో అదియే పెరిగి 1992 నాటికి ఆటోకాన్ఫ్ అను సాధనమైనది.

దీని పని తీరు మిక్కిలి ముచ్చటగొలుపును. నీ పేరేమి, నీవు ఏ కంపెనీవాడవు అని అది అడుగదు. పేరును బట్టి గుణమును ఊహించుట ప్రమాదమని దాని సిద్ధాంతము. ఒక సౌకర్యము ఉన్నదా లేదా యని తెలియవలసినపుడు, ఆ సౌకర్యమును వాడు నాలుగైదు పంక్తుల బుల్లి ప్రోగ్రామును అప్పటికప్పుడు వ్రాసి, కంపైలర్ చేతికిచ్చును. అనువాదము సాగినచో ఉన్నదని, ఆగినచో లేదని నిర్ణయించును. ఇట్లు పదులు వందలుగా పరీక్షలు జరిపి, ఫలితముల ననుసరించి మేక్‌నకు కావలసిన పట్టికను తానే వ్రాసి పెట్టును. తెరపై ఒక్కొక్క పరీక్షయు ఒక్కొక్క పంక్తిగా, చివర అవుననియు కాదనియు జవాబుతో దొర్లిపోవును. ఆ పిమ్మట మేక్ అనిన నిర్మాణము. మేక్ ఇన్‌స్టాల్ అనిన ప్రతిష్ఠాపనము. కాన్ఫిగర్, మేక్, మేక్ ఇన్‌స్టాల్: ఈ మూడు ఆజ్ఞలు ఇరువది సంవత్సరములకు పైగా ప్రపంచమందంతటను త్రిసంధ్యల వలె జపింపబడినవి.

సరిగా ఆ కాలముననే మన భాషకును ఇట్టి అవసరము కలిగినది. అమెరికాలోని గణితశాస్త్రజ్ఞుడు డొనాల్డ్ క్నూత్ అచ్చుకూర్పునకు టెక్ అను పద్ధతిని, అక్షరనిర్మాణమునకు మెటాఫాంట్ అను భాషను సృష్టించియుండెను. 1990 దశకపు మొదటి సంవత్సరములలో ముక్కవిల్లి లక్ష్మి, ముక్కవిల్లి లక్ష్మణకుమార్ గారలు మెటాఫాంటులో తెలుగు అక్షరములను రచించి తెలుగుటెక్ పేరున లోకమున కందించిరి. మెటాఫాంటులో అక్షరము బొమ్మ కాదు. కలము ఎచ్చట మొదలై, ఎట్లు వంగి, ఎచ్చట ఆగవలెనో చెప్పు ఆజ్ఞల వరుస. అది కంటికి కనబడు అక్షరము కావలెనన్న, మీ ముద్రణయంత్రము అంగుళమునకు ఎన్ని చుక్కలు పెట్టును, దాని సిరా చుక్క ఎంత వ్యాపించును అను వివరములు ముందుగా ఒక పత్రమున అమర్చి, ఆ యంత్రమునకు తగినట్లు అక్షరములను నిర్మించుకొనవలెను. అమరిక చెడినచో గీతలు సన్నగిల్లును, లేదా ఒత్తుల లోని కన్నములు పూడిపోవును. అదే దశకమున రైస్ విశ్వవిద్యాలయమునందలి తెలుగు విద్యార్థులు కన్నెగంటి రామారావు, ఆనందకిశోర్ గారలు ఇంగ్లీషు మీటలపై తెలుగును వ్రాయు ఆర్.టి.యస్. పద్ధతిని రూపొందించి, దానినుండి తెలుగుటెక్ లోనికి మార్చు ప్రోగ్రామును గూడ సమకూర్చిరి. ఆ వ్రాతలో వెలసిన తెలుగు సంభాషణలు ఇంటర్నెట్టుపై మన భాషకు తొలి అడుగులు.

ఆటోకాన్ఫ్ చరిత్రకు మరల వత్తము. దానికి కీర్తితోపాటు నిందయు వచ్చినది. అది కల్పించు కాన్ఫిగర్ పత్రము పలుమారు పదివేల పంక్తులకు మించును. దానిని చదువువాడు లేడు. 2012లో పౌల్-హెన్నింగ్ కాంప్ అను డెన్మార్కు నిపుణుడు ఒక ఘాటైన వ్యాసమున, అంతరించిన యంత్రముల లోపములకై నేటికిని పరీక్షలు జరుగుచున్నవని, తన యంత్రమున లేనే లేని కంపైలరులను గూడ అది వెదకుచున్నదని ఎత్తిపొడిచెను. ఆ సంవత్సరమే వెలువడిన 2.69 కూర్పు తరువాత తదుపరి కూర్పు రావలెనన్న 2020 డిసెంబరు వరకు పట్టినది. లోకమంతయు దానిపై నిలబడియుండగా, దానిని చూచుకొను చేతులు మాత్రము ఎన్నడును ఎక్కువగ లేవు.

ఈలోగా వేరు సాధనములు వచ్చెను. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయమువారు శరీరాంతర్భాగముల ఛాయాచిత్రములను విశ్లేషించు ప్రోగ్రాములకు ధనమియ్యగా, అవి యూనిక్సుపైనను విండోసుపైనను సమానముగ నిర్మింపబడవలెనని కిట్‌వేర్ సంస్థయందు బిల్ హాఫ్‌మన్ ప్రభృతులు 2000 ప్రాంతమున సీమేక్‌ను రచించిరి. (పేరున సీమ ధ్వనించినను మన సీమతో చుట్టరికము లేదు.) అది తాను నిర్మింపదు, ఎచ్చటి మేస్త్రీకి కావలసిన పట్టికను అచ్చటి భాషలో వ్రాసి యిచ్చును. 2006లో కె.డి.ఇ. అను పెద్ద ప్రాజెక్టు దానిని స్వీకరించుటతో దశ తిరిగినది. ఫిన్‌లాండు దేశీయుడు యుస్సీ పక్కనెన్ 2013లో వెలువరించిన మీసాన్ మరియొకటి. వేగము, సులువుగ చదువదగిన పట్టిక దాని గుణములు. తెలుగు ఒత్తులను గుణింతములను తెరపై సక్రమముగ కూర్చు హార్ఫ్‌బజ్ అను గ్రంథాలయము సైతము ఆటోకాన్ఫ్ నుండి మీసాన్‌నకు మారినది. మీ చేతిఫోను ఆండ్రాయిడ్ దైనచో, దానిపై తెలుగు వార్త చదివిన ప్రతిసారియు ఆ హార్ఫ్‌బజ్ పనిచేసినట్లే.

ఇచ్చట మన పాఠకులు ప్రత్యేకముగ గమనింపదగిన విషయ మొకటి కలదు. గ్నూ ప్రోగ్రాములలో తెరపై కనబడు మాటలను వేరు వేరు భాషలలోనికి మార్చి, భాషకొక పత్రమున దాచియుంతురు. తెలుగునకు అంతర్జాతీయ సంకేతము టి, ఇ అను రెండక్షరములు. అనువాదకులు నెలల తరబడి కూర్చుండి ఒక ప్రోగ్రామునంతయు తెలుగు చేసినను, లింగ్వాస్ అను చిన్న పత్రమున ఆ రెండక్షరములు చేరనిచో నిర్మాణ సాధనము ఆ అనువాదమును కన్నెత్తి చూడదు. పూర్వము ఈ పట్టిక కాన్ఫిగర్ మూలమునందే యుండెడిది. 2000 తరువాత క్రమముగ వేరు పత్రమైనది. లిబ్రఆఫీస్ అను ప్రసిద్ధమైన కార్యాలయ ప్రోగ్రామును మూలము నుండి నిర్మించువారు భాషల వరుసను కాన్ఫిగర్ చేయునపుడు చెప్పవలెను. చెప్పక ఊరకున్నచో ఇంగ్లీషు మాత్రమే వచ్చును. అనువాదము లేకపోవుట వేరు, ఉండియు పిలువకపోవుట వేరు. పెండ్లిపిలుపు పట్టికలో పేరు వ్రాయుట మరచి, చుట్టములు రాలేదని నిష్ఠూరమాడినట్లుండును. హైదరాబాదున ఏర్పడిన స్వేచ్ఛ సంస్థ మొదలగువారు తెలుగులో కంప్యూటరు అని కృషి చేసినపుడు, ఆ కృషి నిఘంటువులతోనే తీరలేదు. ఇట్టి పట్టికలను చదువనేర్చినవారు గూడ కావలసి వచ్చిరి. ఇడుపులపాయయందు 2008 నుండి, కర్నూలునందు 2015 నుండి సాంకేతిక విద్యాలయములు నడచుచున్నవి. అచ్చటి విద్యార్థులు ఈ పనిని చిన్నచూపు చూడరాదని మా కోరిక. యంత్రమునకు తెలుగు రాదనుకొనుట కంటె, దానిని ఎవరు అడుగలేదో వెదకుట మేలు.

చదువనేర్చుట అంటిమి. దాని అవసరము 2024లో మరియొక రూపమున బయటపడినది. ఎక్స్‌జెడ్ అను ప్రోగ్రాము పత్రములను కుదించి చిన్నవి చేయును. ప్రపంచమునందలి లైనక్స్ యంత్రములలో అది లేనిది అరుదు. ఇంతటి దానిని చిరకాలము ప్రధానముగ ఒక్క వ్యక్తియే, జీతభత్యములు లేక, తీరిక వేళల చూచుకొనుచుండెను. 2021 నుండి జియా తాన్ అను పేరుగల ఒకరు సాయము చేయుచు వచ్చి, నమ్మకము సంపాదించి, కూర్పులను విడుదల చేయు అధికారమును పొందెను. ఆ పేరు వెనుక నున్నదెవరో నేటికిని బహిరంగము కాలేదు. 2024 ఫిబ్రవరిలో 5.6.0, మార్చిలో 5.6.1 కూర్పులు వెలువడెను. అందరు చూడగల మూలపాఠమున ఆ విషమును మేల్కొల్పు సూత్రము లేదు. విడుదల చేసిన మూటలో మాత్రము, ఆటోకాన్ఫ్ వాడెడి స్థూలసూత్రముల నడుమ, మూలమున లేని మార్పు చేరినది. కాన్ఫిగర్ నడచునపుడు ఆ మార్పు మేల్కొని, పరీక్షలకై యుంచిన పాడైన పత్రముల వేషమున దాగియున్న విషమును తీసి నిర్మాణములో కలిపెడిది. దూరమునుండి యంత్రమున ప్రవేశించు ద్వారమునకు దానివలన దొంగతాళము ఏర్పడినది.

వేల పంక్తులు ఎవరును చదువరను నమ్మకముతోనే ఆ దొంగ అచ్చట దాగినాడు. పట్టుకొన్నవాడు కాపలావాడు కాడు. ఆండ్రెస్ ఫ్రోయిండ్ అను ఇంజనీరు వేరొక పనిమీద వేగములను కొలుచుచు, ప్రవేశమునకు అర సెకను ఆలస్యమగుచున్నదని గమనించెను. అర సెకనే గదాయని వదలక, కారణమును త్రవ్వుకొనుచు పోయి, మార్చి 29న సంగతిని లోకమునకు వెల్లడించెను. దోషయుక్తమైన కూర్పులు అప్పటికి పెక్కు సంస్థల స్థిరమైన కూర్పులలోనికి చేరలేదు.

పిమ్మట మిగిలిన పంక్తులను జల్లెడ పట్టినవారికి సీమేక్ పట్టికలో మరియొకటి దొరకెను. ఒక రక్షణ సౌకర్యము యంత్రమున ఉన్నదా యని పరీక్షించు బుల్లి ప్రోగ్రాములో, ఒక పంక్తి మొదట, ఒంటరిగ ఒక చుక్క. వాక్యాంతమున మనము పెట్టు చుక్కయే. దానిచేత ఆ బుల్లి ప్రోగ్రాము ఏ యంత్రముపైనను అనువాదము కాదు. కాలేదు గనుక సౌకర్యము లేదని సాధనము నమ్మును. నమ్మి, రక్షణను మారుమాటాడక మూసివేయును. యంత్రమునే అడుగవలెనన్న 1991 నాటి సిద్ధాంతమునందు తప్పు లేదు. అడుగు ప్రశ్ననే ఎవరో చెడగొట్టిరి. కడప బంగళాలో ప్రతులను సరిచూచిన పండితులకు ఇట్టి చుక్కలు పరిచితములే; అయితే అవి లేఖకుల పొరపాట్లు, ఇది కావలెనని పెట్టినది. 2024 మార్చి 30న ఆ చుక్కను తొలగించిరి. విషము పోయిన 5.6.2 కూర్పు మే 29న విడుదలయ్యెను.